బ్రిటన్ చరిత్రను ఆన్‌లైన్‌లో వెతకడం: ఏ ప్రశ్నకు ఏ సైటు?

బ్రిటన్ చరిత్ర మీద కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా ఇరుక్కుపోయేది సైటు ఎంచుకునే దగ్గరే. నేషనల్ ఆర్కైవ్స్, బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్, ఓల్డ్ బెయిలీ (లండన్ క్రిమినల్ కోర్టు), హాన్సార్డ్ (పార్లమెంటు చర్చల రికార్డు), పాత పత్రికల సైట్లు, వంశవృక్షాల సైట్లు అన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. పెద్ద పేరున్నదాన్ని తెరుస్తారు, సెర్చ్ బాక్సులో ఒక్క మాట కొడతారు, వేలకొద్దీ ఫలితాలు వస్తాయి, ఏది చూడాలో తెలియక మూసేస్తారు. లేదంటే ఒక్కటీ రాదు, ‘దీని మీద ఏమీ లేదు కాబోలు’ అనుకుంటారు. రెండు సందర్భాల్లోనూ సరుకు ఎక్కడో ఉంది. అడిగిన చోటే తప్పు.

ఈ సైట్లు ఒకదానికొకటి బదులు రావు. ఒకటి కాగితాల జాబితా, ఒకటి అచ్చయిన మూలాల పాఠం, మరొకటి ఒకే ఒక్క కోర్టు రికార్డు. కాబట్టి ముందు మీ ప్రశ్న తేల్చుకోండి, ఆ తర్వాత సైటు వెతుక్కోండి. పోలిక తేలిగ్గా అర్థం కావడానికి 1605 నాటి గన్‌పౌడర్ కుట్రను అక్కడక్కడా ఉదాహరణగా తీసుకుందాం. పార్లమెంటు భవనం కింద మందుగుండు పెట్టి రాజు మొదటి జేమ్స్‌నూ సభనూ కలిపి పేల్చేయాలని కొందరు కాథలిక్కులు పన్నిన కుట్ర అది. నేలమాళిగలో పట్టుబడినవాడు గై ఫాక్స్.

## సైటు తెరవకముందు తేల్చుకోవలసినవి

కాలం. 1500కు ముందు, 1500 నుంచి 1800 దాకా, 1800 తర్వాత. ఈ మూడింటిలో మీది ఏదో తెలిస్తే సగం సైట్లు వాటంతట అవే పక్కకు పోతాయి. పాత పత్రికల సైటులో 1500ల నాటి ట్యూడర్ రాజుల గురించి సమకాలీన వార్తలు దొరకవు. హాన్సార్డ్‌లో 1688 విప్లవం మీద చర్చ ఉండదు.

ఏ దేశం. బ్రిటన్ అంతటికీ ఒకే రికార్డు ఆఫీసు లేదు. ఇంగ్లండ్, వేల్స్ ప్రభుత్వ పత్రాలు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. స్కాట్లాండ్‌కు ఎడిన్‌బరోలో వేరే సంస్థ ఉంది. జననమరణాల ప్రభుత్వ నమోదు ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1న మొదలైతే స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1న మొదలైంది. ఐర్లండ్ పరిస్థితి ఇంకా కష్టం. 1922 జూన్ 30న డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు యుద్ధంలో కాలిపోయి శతాబ్దాల కాగితాలు పోయాయి. ఐరిష్ రికార్డు దొరకకపోతే మీ సెర్చ్‌ను తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఏ మెట్టు మీది సరుకు కావాలి. చరిత్రకారులు రాసిన వివరణ ఒక మెట్టు. పాత పత్రాన్ని చదివి అచ్చులోకి తెచ్చిన పాఠం రెండో మెట్టు. అసలు కాగితం ఫోటో మూడో మెట్టు. కొత్తవాళ్లు నేరుగా మూడో మెట్టు ఎక్కబోయి జారిపడుతుంటారు. 1600ల నాటి చేతిరాత అలవాటు లేనివాళ్లకు ఒక్క వాక్యం కూడా చదవడం సాధ్యం కాదు. దానికి తోడు ఇంగ్లండ్ కోర్టు రికార్డులు 1733 దాకా, 1650ల దశకంలో కొద్దికాలం తప్ప, లాటిన్‌లోనే నడిచాయి.

సెర్చ్ దేన్ని వెతుకుతుంది. అందరూ వదిలేసే ప్రశ్న ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. కొన్ని సైట్లలో పత్రంలోని ప్రతి మాటా వెతకబడుతుంది. కొన్నిట్లో పత్రం గురించి గుమాస్తా రాసిన ఒకటి రెండు వాక్యాల వర్ణన మాత్రమే. రెండో రకంలో మీ మనిషి పేరు రాలేదంటే ఆ పేరు వర్ణనలో లేదని మాత్రమే అర్థం, పత్రంలో లేదని కాదు.

ఖర్చు, మీరున్న చోటు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఊరి లైబ్రరీ కార్డుతో కొన్ని ఖరీదైన సైట్లు ఇంట్లోంచే ఉచితంగా తెరుచుకుంటాయి. హైదరాబాదులోనో గుంటూరులోనో ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. అయినా మొదటి ఆరు నెలల పనికి ఉచిత సైట్లు ధారాళంగా సరిపోతాయి.

## ఒక్క చూపులో

| సైటు | బలమైన కాలం | ఏముంది | సెర్చ్ దేన్ని వెతుకుతుంది | ఖర్చు |
|---|---|---|---|---|
| నేషనల్ ఆర్కైవ్స్, డిస్కవరీ కేటలాగు | 1086 నుంచి ఇటీవలి దాకా | పత్రాల వర్ణనలు, కొన్నిటి స్కాన్లు | వర్ణనలను | సెర్చ్ ఉచితం, స్కాన్లు చాలావరకు ఉచితం |
| బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ | 1300–1800 | అచ్చయిన మూలాలు, స్థానిక చరిత్రలు | పూర్తి పాఠాన్ని | చాలా భాగం ఉచితం |
| ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్ | 1674–1913 | లండన్ క్రిమినల్ కేసుల నివేదికలు | పూర్తి పాఠాన్ని | ఉచితం |
| హిస్టారిక్ హాన్సార్డ్ | 1803–2005 | పార్లమెంటు చర్చలు | పూర్తి పాఠాన్ని | ఉచితం |
| బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ | 1700ల నుంచి 1900ల దాకా | పత్రికల పేజీలు | కంప్యూటర్ చదివిన పాఠాన్ని | సెర్చ్ ఉచితం, చదవడానికి చందా |
| వెల్ష్ న్యూస్‌పేపర్స్ ఆన్‌లైన్ | 1804–1919 | వేల్స్ పత్రికలు | కంప్యూటర్ చదివిన పాఠాన్ని | ఉచితం |
| ఫ్రీబీఎండీ | 1837 తర్వాత | జనన, వివాహ, మరణ సూచికలు | సూచికను | ఉచితం |
| స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ పటాలు | 1800ల నుంచి | పాత సర్వే పటాలు | ఊరి పేర్లను | ఉచితం |

## నేషనల్ ఆర్కైవ్స్: మూడు తలుపులు, ముందు తెరవాల్సింది ఒకటే

చాలామంది దీన్ని ఒకే సైటు అనుకుని నేరుగా డిస్కవరీ కేటలాగులో దూకేస్తారు. నిజానికి ఇందులో మూడు వేరువేరు భాగాలున్నాయి.

మొదటిది విద్యా విభాగం. బడిపిల్లల కోసమని పేరుంది కానీ కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకూ ఇదే సరైన తలుపు. ఒక్కో అంశానికి కొన్ని అసలు పత్రాలు ఎంచి, ఫోటో, పక్కన చదవగలిగే పాఠం, కష్టమైన మాటల అర్థాలు, ఆలోచించాల్సిన ప్రశ్నలు ఇస్తారు. గన్‌పౌడర్ కుట్రనే చూడండి. ఫాక్స్‌ను చిత్రహింసలు పెట్టడానికి అనుమతిస్తూ రాజు జేమ్స్ నవంబరు 6న రాసిన కాగితం, ఆ తర్వాత ఫాక్స్ ఇచ్చిన వాంగ్మూలం కింద ‘గ్విడో’ అని వణుకుతూ, సగంలో ఆగిపోయినట్లున్న సంతకం కనిపిస్తాయి. ఆ సంతకం పక్కన, కొన్నాళ్ల తర్వాత కుదురుగా పెట్టిన సంతకాన్ని ఉంచి చూస్తే, అసలు కాగితం ఎందుకు చూడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. అచ్చులో రెండూ ఒకే పేరు.

రెండోది పరిశోధన మార్గదర్శికలు. సైనికులు, వీలునామాలు, వలసలు, పన్నులు, ఓడలు, ఇలా అంశాల వారీగా ఉంటాయి. ఏ రికార్డులు ఉన్నాయి, వాటిలో ఏవి ఆన్‌లైన్, ఏవి క్యూకు వెళ్తేనే, ఏవి అసలు మిగల్లేదు అన్నది ఇక్కడ సూటిగా ఉంటుంది. డిస్కవరీలో గంటలు పోగొట్టుకునే ముందు పది నిమిషాలు మార్గదర్శిక చదవండి.

మూడోది డిస్కవరీ కేటలాగు. క్యూలోని రికార్డులతో పాటు దేశవ్యాప్తంగా 2,500కు పైగా ఇతర ఆర్కైవ్స్‌లోని వాటివీ కలిపి మూడు కోట్లకు పైగా వర్ణనలు ఇందులో ఉన్నాయి. ‘ఫాక్స్’ అని ఊరికే కొడితే ఆ ఇంటిపేరున్న ప్రతివాళ్లూ వచ్చి పడతారు. సెర్చ్ చేశాక పక్కనున్న ఫిల్టర్లలో మూడు పనులు చేయండి: కాలపరిధి పెట్టండి, ‘నేషనల్ ఆర్కైవ్స్ దగ్గరున్నవి’ ఎంచండి, ‘డౌన్‌లోడ్‌కు దొరికేవి మాత్రమే’ టిక్ చేయండి. మూడో టిక్ తీసేసి చూస్తే ఎంత కొండంత సరుకు ఇంకా స్కాన్ కాలేదో తెలుస్తుంది. క్యూలోని కాగితాల్లో చాలా భాగం పెట్టెల్లోనే ఉంది.

ఇక్కడి పత్రాలకు శాఖ అక్షరాలు, శ్రేణి సంఖ్య, విడి సంఖ్య కలిపిన చిరునామా ఉంటుంది. కుట్రకు సంబంధించిన కాగితాల సంపుటం ‘ఎస్‌పీ 14/216’ (ఎస్‌పీ అంటే స్టేట్ పేపర్స్, ప్రభుత్వ పత్రాలు). ఈ చిరునామా తెలిస్తే సెర్చ్ బాక్సులో అదే కొట్టండి, గందరగోళం ఉండదు. పుస్తకాల పాదసూచికల్లో కనిపించే అక్షరాలు, అంకెలు ఇవే. అందుకే మంచి పుస్తకంలోని పాదసూచిక సెర్చ్ బాక్సు కన్నా నమ్మకమైన దారి.

కాకపోతే, ఎస్‌పీ శ్రేణిలో చిక్కు ఒకటుంది. కేటలాగు ఇక్కడ, పత్రాల సారాంశం బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో, పూర్తి ఫోటోలు మాత్రం విశ్వవిద్యాలయాలు చందా కట్టే మరో వాణిజ్య సైటులో. ఒకే పత్రానికి మూడు చోట్లకు తిరగాల్సిరావడం మామూలే, అది మీ పొరపాటు కాదు.

వీలునామాల విషయంలో ఈ సైటు నిజంగా గొప్పది. ‘ప్రాబ్ 11’ శ్రేణిలో 1384 నుంచి 1858 దాకా కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కోర్టులో నమోదైన పది లక్షలకు పైగా వీలునామాలున్నాయి. ఖాతా తెరిచి లాగిన్ అయితే ఉచితంగా డౌన్‌లోడ్ అవుతాయి, కొంత పరిమితికి లోబడి. రెండు జాగ్రత్తలు. ఇవి కోర్టు గుమాస్తాలు రిజిస్టర్లలో ఎక్కించుకున్న నకళ్లు, కాబట్టి కనిపించే చేతిరాత వీలునామా రాసినవాళ్లది అనుకోవద్దు. రెండోది, ఈ కోర్టుకు వెళ్లినవాళ్లు ఎక్కువగా దక్షిణ ఇంగ్లండ్‌కు చెందిన కలిగినవాళ్లు. ఊళ్లోని సాదా రైతు వీలునామా ఆ కౌంటీ రికార్డు ఆఫీసులో ఉండే అవకాశం ఎక్కువ. విదేశాల్లో, సముద్రం మీద చనిపోయినవాళ్లవి మాత్రం ఇక్కడికే వచ్చేవి. మద్రాసులోనో మచిలీపట్నంలోనో చనిపోయి ఇంగ్లండ్‌లో ఆస్తి వదిలిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం ఈ శ్రేణి తప్పక చూడాలి.

## బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్: చదవగలిగే మూలాలు

లండన్ విశ్వవిద్యాలయంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిస్టారికల్ రీసెర్చ్, హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ ట్రస్టు కలిసి 2003లో ప్రారంభించిన సైటు ఇది. కామన్స్, లార్డ్స్ సభల జర్నల్స్ (సభలో రోజూ జరిగింది రాసిన పుస్తకాలు), ప్రభుత్వ పత్రాల సారాంశ సంపుటాలు, లండన్ నగర రికార్డులు, కౌంటీల చరిత్రలు కలిపి 1,200కు పైగా సంపుటాలున్నాయి. అన్నీ అచ్చు పాఠమే, ప్రతి మాటా వెతకబడుతుంది. 1500–1800 మధ్య కాలం మీద పనిచేసే కొత్తవాళ్లకు నా మొదటి సలహా ఎప్పుడూ ఇదే.

పూర్తి పాఠం ఉన్నా పేరు కొడితే చాలదని చెప్పడానికి గన్‌పౌడర్ కుట్ర మంచి ఉదాహరణ. కామన్స్ జర్నల్‌లో 1605 నవంబరు 5 తేదీ దగ్గర ఒక గమనిక ఉంది. గత రాత్రి సర్ థామస్ నెవెట్ పై సభ భవనాన్ని సోదా చేశాడని, థామస్ పెర్సీ (కుట్రదారుల్లో ఒకడు) నౌకరు ‘జాన్సన్’ పట్టుబడ్డాడని, అతడు సభ కింద నేలమాళిగలో 36 పీపాల మందుగుండు పెట్టాడని రాశారు. ఫాక్స్ పేరు లేదు. పట్టుబడినప్పుడు అతడు చెప్పిన దొంగపేరు జాన్సన్, అసలు పేరు తర్వాతి విచారణలో బయటపడింది. ‘ఫాక్స్’ అని వెతికినవాళ్లకు ఆ రోజు సభ గుమాస్తా రాసుకున్న ఈ మాటలు తగలనే తగలవు. తేదీ ప్రకారం జర్నల్ తెరిచినవాళ్లకు నిమిషంలో దొరుకుతాయి. ఇక్కడ పేరుతో వెతకడం, తేదీతో తెరవడం రెండూ చేయాలి.

పరిమితులూ చూడండి. ‘క్యాలెండర్ ఆఫ్ స్టేట్ పేపర్స్’ అన్న సంపుటాల్లో ఉన్నది విక్టోరియా కాలపు సంపాదకులు తయారుచేసిన సారాంశం. నాలుగు పేజీల ఉత్తరం అక్కడ రెండు వరుసల్లో ముగుస్తుంది. ఆ వరుసల్ని ఉత్తరంలోని మాటలుగా ఉటంకించడం కొత్తవాళ్ల వ్యాసాల్లో తరచూ కనిపించే తప్పు. స్థానిక చరిత్రకు ఉపయోగపడే విక్టోరియా కౌంటీ హిస్టరీ 1899లో మొదలై ఇంకా పూర్తికాలేదు. కొన్ని కౌంటీలు నిండుగా, కొన్ని దాదాపు ఖాళీగా ఉంటాయి. పాత సంపుటాల్లో భూస్వాముల ఎస్టేట్లు, చర్చిల గురించే ఎక్కువ. కూలీలు, పరిశ్రమలు, సాధారణ జనం తర్వాతి సంపుటాల్లో చోటుచేసుకున్నారు.

## ఓల్డ్ బెయిలీ: సామాన్యుల గొంతు, కానీ ఒక్క నగరమే

లండన్‌లోని ఈ కోర్టులో 1674 నుంచి 1913 దాకా జరిగిన సుమారు 1,97,000 విచారణల నివేదికలు ఉచితంగా చదవొచ్చు. నేరం, తీర్పు, శిక్ష, నిందితులు స్త్రీలా పురుషులా అన్నవాటి ప్రకారం విడదీసి వెతకొచ్చు. పనిమనుషులు, దర్జీలు, నావికులు, తాకట్టు వ్యాపారులు తమ మాటల్లో మాట్లాడే చోటు ఇంతకు మించి మరొకటి దొరకడం కష్టం.

ఒక చిన్న ప్రయోగం చేయండి. 1700ల కేసుల్లో ఇంట్లో జరిగిన దొంగతనాలు వెతికి, జూరీ తీర్పులో సొత్తు విలువ చూడండి. ‘39 షిల్లింగులు’ అన్న అంకె పదేపదే వస్తుంది. 1713 చట్టం ప్రకారం ఇంట్లోంచి 40 షిల్లింగులు, ఆ పైన దొంగిలిస్తే మరణశిక్ష. నిందితుణ్ణి ఉరి తప్పించాలనుకున్న జూరీ, వస్తువుల అసలు ధర ఎంతైనా, ఒక షిల్లింగు తగ్గించి తీర్పు చెప్పేది. చట్టం పుస్తకంలో ఒకలా, కోర్టుగదిలో ఒకలా నడిచిందని ఈ అంకెలే చెబుతాయి.

ఈ సైటులో లెక్కలు తీసే సాధనం కూడా ఉంది. దాని దగ్గరే జాగ్రత్త. ఇవి అమ్మకానికి అచ్చువేసిన నివేదికలు. మొదటి దశాబ్దాల్లో ఒక్కో కేసుకు నాలుగు వాక్యాలు కూడా ఉండవు. 1790–92 మధ్య కొంతకాలం నిర్దోషులుగా విడుదలైన కేసుల్ని అచ్చువేయనివ్వలేదు. ఆ ఏళ్లలో శిక్షల శాతం ఒక్కసారిగా పెరిగినట్లు గ్రాఫు వస్తే, పెరిగింది శిక్షలు కాదు. అలాగే ఇది లండన్, మిడిల్‌సెక్స్‌ల కోర్టు. ఇక్కడి లెక్కలతో ‘ఇంగ్లండ్‌లో నేరాలు’ అని వ్యాసం రాస్తే నిలబడదు.

## పార్లమెంటు చర్చలు

హిస్టారిక్ హాన్సార్డ్‌లో 1803 నుంచి 2005 దాకా చర్చలున్నాయి. తేదీ తెలిస్తే ఇంతకన్నా తేలికైన సైటు లేదు. 1947 జూలై 10 తెరిస్తే భారత స్వాతంత్ర్య బిల్లు మీద ప్రధాని అట్లీ ప్రసంగం మొదలవుతుంది. ఆ బిల్లు జూలై 18న చట్టమైంది. కాకపోతే 1909కి ముందు హాన్సార్డ్ ఎక్కువగా పత్రికల వార్తలనుంచి కూర్చినది. అందులోని వాక్యాలు సభ్యుడి నోటి మాటలు ఉన్నవి ఉన్నట్టుగా కాకపోవచ్చు. 1909 నుంచే అధికారిక రిపోర్టర్లు రాసుకున్న పాఠం.

1803కు ముందు సభ్యుల గురించి కావాలంటే హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ సైటు. నియోజకవర్గాలు, సభ్యుల జీవితాలు ఉచితంగా ఉంటాయి. కొన్ని కాలాలు ఇంకా పూర్తికాలేదు కాబట్టి మీ ఏళ్లు ఉన్నాయో లేదో మొదటి పేజీలోనే చూసుకోండి.

## పత్రికలు: డబ్బు ఎప్పుడు కట్టాలి?

బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో సెర్చ్‌కు డబ్బు అక్కర్లేదు. ఫలితాల జాబితా, ప్రతి ఫలితానికీ రెండు మూడు వరుసల తునక కనిపిస్తాయి. ఉచితంగా తెరుచుకునే పేజీలు కూడా పది లక్షలకు పైగా ఉన్నాయి, ముందు ఆ ఫిల్టర్ పెట్టి చూడండి. చందా కట్టే ముందు రెండు వారాలు ఉచిత సెర్చ్‌తోనే పనిచేసి, తెరవాల్సిన పేజీల జాబితా రాసుకోండి: పత్రిక పేరు, తేదీ, పేజీ. జాబితా యాభై దాటాక ఒక్క నెల చందా కట్టి అన్నీ ఒకే ఊపులో చూసేస్తే డబ్బు వృథా కాదు. ముందే ఏడాది చందా కట్టి ఏం వెతకాలో తర్వాత ఆలోచిద్దామనుకునేవాళ్లు మొదటి నెల తర్వాత ఆ సైటు తెరవరు.

మీ అంశం బొగ్గుగనులు, రైళ్లు, కార్మిక సంఘాలు, చర్చి ఉద్యమాలు లాంటిదైతే ముందు వెల్ష్ న్యూస్‌పేపర్స్ చూడండి. పూర్తిగా ఉచితం, కోటిన్నర వార్తలు, పైగా లండన్ వార్తలూ అందులో పునర్ముద్రణ అయ్యేవి. నియామకాలు, దివాలాలు, బిరుదులు, సైనిక పదోన్నతుల్లాంటి అధికారిక ప్రకటనలకు 1665లో మొదలైన గెజెట్ సైటు కూడా ఉచితమే.

1800కు ముందటి అచ్చులో ఒక చిక్కు తెలుసుకోవాలి. అప్పట్లో మాట మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరాన్ని పొడవుగా, దాదాపు ‘ఎఫ్’లా వేసేవారు. కంప్యూటర్ దాన్ని ‘ఎఫ్’ అనే చదువుతుంది. ‘హౌస్’ కాస్తా ‘హౌఫ్’ అయి కూర్చుంటుంది. అందుకే మీ మాటలో మధ్యలో ఉన్న ‘ఎస్’ స్థానంలో ‘ఎఫ్’ పెట్టి రెండోసారి వెతకండి. కొత్త ఫలితాలు వస్తాయి.

## మనుషుల కోసం వెతికితే

ప్రముఖులైతే ఆక్స్‌ఫర్డ్ జీవితచరిత్ర నిఘంటువు ఉత్తమం, కానీ చందా. దాని పాత రూపం, 1885–1900 మధ్య 63 సంపుటాలుగా వచ్చింది, వికీసోర్స్‌లో ఉచితం. థామస్ మన్రో అందులో ఉన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మాత్రం అసలు సంపుటాల్లో దొరకడు. 1899లో చనిపోయాడు కాబట్టి 1901 అనుబంధంలో వెతకాలి. పాత నిఘంటువులో తేదీలు, పదవులు బాగానే ఉంటాయి. సామ్రాజ్యం మీద, స్త్రీల మీద దాని అభిప్రాయాలు విక్టోరియా కాలానివి, వాటిని వాస్తవాలుగా తీసుకోవద్దు.

సామాన్యులైతే జనాభా లెక్కలు. 1801 నుంచి పదేళ్లకోసారి జరిగినా అందరి పేర్లూ క్రమంగా దొరికేది 1841 నుంచే. ఆ ఏడాది పదిహేను దాటినవాళ్ల వయసును ఐదుకు కుదించి రాశారు. 39 ఏళ్లవాడు 35గా కనిపిస్తాడు, పదేళ్ల తర్వాతి లెక్కలో 49 అవుతాడు, చూసేవాళ్లు వేరే మనిషి అనుకుంటారు. 1931 ఇంగ్లండ్, వేల్స్ లెక్కలు 1942లో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్క తీయలేదు. 1921 తర్వాత మిగిలింది 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టరే. వంశవృక్షాల సైటు ఫ్యామిలీసెర్చ్, జననమరణ సూచికల సైటు ఫ్రీబీఎండీ ఉచితం. అసలు పేజీల ఫోటోలు చాలావరకు చందా సైట్లలో ఉంటాయి.

## ఊళ్లు, మధ్యయుగం

స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ పేరు చూసి అది స్కాట్లాండ్‌కే అనుకోవద్దు. ఇంగ్లండ్, వేల్స్ పాత సర్వే పటాలు కూడా ఉన్నాయి. తెరను రెండుగా చీల్చి ఎడమన పాత పటం, కుడిన నేటి ఉపగ్రహ చిత్రం చూసుకోవచ్చు. లెస్టర్‌లోనో రెడింగ్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్లకు తమ వీధి ఒకప్పుడు ఇటుకబట్టీయా, పొలమా తెలుసుకోవడానికి ఇంతకు మించినది లేదు.

1086 నాటి డూమ్స్‌డే భూసర్వేకు ఓపెన్ డూమ్స్‌డే సైటు ఉచితం, ఊరి పేరు కొడితే చాలు. లండన్, వించెస్టర్, నార్తంబర్లండ్, డరమ్‌ల వివరాలు మాత్రం దొరకవు, ఆ సర్వే వాటిని వదిలేసింది. మధ్యయుగ చట్టాలు, చరిత్రల ఇంగ్లీషు అనువాదాలకు ఫోర్డమ్ విశ్వవిద్యాలయం సంకలనం.

## ఎవరికి ఏది

గ్రూప్స్, సివిల్స్‌కు ప్రపంచ చరిత్ర చదివేవాళ్లకు మూలపత్రాల సైట్లు అక్కర్లేదు. బీబీసీ బైట్‌సైజ్‌లో అంశం చూసి, నేషనల్ ఆర్కైవ్స్ విద్యా విభాగంలో దానికి సంబంధించిన రెండు పత్రాలు చదివితే జవాబులో రాయడానికి గట్టి ఉదాహరణ దొరుకుతుంది. అంతకు మించి వెళ్తే సమయం హరించుకుపోతుంది.

ఎంఏ ప్రాజెక్టు రాసేవాళ్లు ఒకే సైటులో ఇమిడే ప్రశ్న ఎంచుకోవడం క్షేమం. ఓల్డ్ బెయిలీలో ఒక దశాబ్దం, ఒక రకం నేరం, లేదా హాన్సార్డ్‌లో ఒక బిల్లు మీద చర్చలు. నాలుగు సైట్లు కలిపే ప్రశ్న సెమిస్టరులో తెమలదు. వ్యాసాల కోసం జేస్టోర్‌లో ఉచిత ఖాతాతో నెలకు వంద దాకా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ జర్నల్స్ తెరుచుకుంటాయేమో లైబ్రరీలో అడగండి.

కంపెనీ కాలపు తెలుగు ప్రాంతం మీద పనిచేసేవాళ్లు ముందు ఒక్క విషయం రాసిపెట్టుకోవాలి: ఈస్టిండియా కంపెనీ, ఇండియా ఆఫీసు రికార్డులు క్యూలో లేవు, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ లైబ్రరీ మీద 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ సేవలు చాలా దెబ్బతిన్నాయి, కాబట్టి ఏది పనిచేస్తోందో అప్పటికప్పుడు చూసుకోవాలి. ఈలోగా మద్రాసు ప్రెసిడెన్సీలోని యూరోపియన్ల బాప్తిస్మ, వివాహ, సమాధుల వివరాలకు ఫిబిస్ (బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర సంస్థ) ఉచిత సెర్చ్, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ పత్రాలకు అభిలేఖ్ పటల్ సైటు ఉన్నాయి. ఎక్కడ వెతికినా పాత స్పెల్లింగులు వాడండి. మచిలీపట్నం ‘మసూలిపటం’గా, విశాఖ ‘విజగపటం’గా ఉంటాయి. గోదావరిని ఇంగ్లీషులో రాసినప్పుడు మధ్యలో ‘ఏ’ బదులు ‘ఈ’ అక్షరం, చివర ‘ఐ’ బదులు ‘వై’ పెట్టేవారు. తెలుగు భాషనే ‘జెంటూ’ అన్న కాలం ఉంది.

## అన్ని సైట్లలోనూ కాలికి తగిలే రాళ్లు

తేదీలు. ఇంగ్లండ్‌లో 1752కు ముందు అధికారిక కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రాజు మొదటి చార్లెస్ తల నరికిన తేదీ మన లెక్కన 1649 జనవరి 30, అప్పటి కాగితాల్లో 1648. జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న ఏ తేదీ అయినా రెండేళ్లలోనూ వెతకండి. 1752లో సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది, ఆ మధ్య తేదీతో పత్రం కనబడితే ఎక్కడో తప్పు చదివారన్నమాట.

డబ్బు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 1971 ఫిబ్రవరి 15 దాకా ఇదే. నేషనల్ ఆర్కైవ్స్ సైటులోని కరెన్సీ కన్వర్టర్ 1270 నుంచి లెక్క చూపుతుంది. అందులో నేటి పౌండ్లలో వచ్చే అంకె కన్నా, ఆ సొమ్ము నైపుణ్యమున్న పనివాడికి ఎన్ని రోజుల కూలి అని చూపే అంకె ఎక్కువ పనికొస్తుంది.

చేతిరాత. 1500–1800 నాటి రాత చదవడం నేర్పే ఉచిత పాఠం నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, తేలికైన పత్రంతో మొదలై క్రమంగా కష్టమవుతుంది. వీలునామాలు డౌన్‌లోడ్ చేసే ముందే ఇది పూర్తిచేయండి.

చివరగా, నోట్సు. బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ నుంచి తీసుకుంటే అచ్చు సంపుటం పేరు, పాఠం మధ్యలో కనిపించే పేజీ సంఖ్య రాసుకోండి. ఓల్డ్ బెయిలీ అయితే ‘టీ’ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెల తేదీ, కేసు సంఖ్య ఉండే గుర్తు. నేషనల్ ఆర్కైవ్స్ అయితే శాఖ అక్షరాలు, అంకెల పూర్తి చిరునామా. వెబ్ లింకులు మారిపోతాయి, ఇవి మారవు. వాడిన సెర్చ్ మాటలు, పెట్టిన ఫిల్టర్లు, ఏమీ దొరకని సెర్చ్‌లు కూడా తేదీ వేసి రాసిపెట్టండి. మూడు నెలల తర్వాత అదే పేరు మళ్లీ వెతకబోయినప్పుడు ఏ స్పెల్లింగు ఇంకా ప్రయత్నించలేదో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.